బుడమేరు పుట్టే కొండలు

విజయవాడకు వరద రెండు దారుల్లో వస్తుంది. పడమటి కనుమల్లో మహాబలేశ్వరం దగ్గర పుట్టి, నాలుగు రాష్ట్రాల మీదుగా దాదాపు 2 లక్షల 59 వేల చదరపు కిలోమీటర్ల నేల మీద పడ్డ నీటిని మోసుకొచ్చే కృష్ణా నది ఒక దారి. నగరానికి వాయవ్యంగా మైలవరం, కొండపల్లి ప్రాంతపు కొండల్లో పుట్టి, నగరపు ఉత్తరపు అంచును ఒరుసుకుంటూ తూర్పుకు సాగి కొల్లేరులో కలిసే బుడమేరు రెండవ దారి. మొదటి దారిలో వచ్చే వరద రోజుల ముందే శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్ల లెక్కల్లో కనిపిస్తుంది గనుక ఊరు జాగ్రత్తపడే వ్యవధి ఉంటుంది. రెండవ దారిలో వచ్చేది సాయంత్రం కొండల మీద కురిసి తెల్లవారేసరికి ఇళ్లలోకి వస్తుంది. గడచిన నూట డెబ్బై ఏళ్ల నీటిపారుదల చరిత్ర ఎక్కువగా మొదటి దారి చుట్టూనే నడిచింది. రెండవ దారికి మూలమైన కొండలను బాగుచేసి వరదను అది పుట్టిన చోటనే తగ్గించాలన్న ఆలోచన ప్రపంచంలో చాలాచోట్ల చట్టాలుగా, శాఖలుగా రూపుకట్టినా, కృష్ణా డెల్టాలో ముక్కలు ముక్కలుగా, ఎక్కువసార్లు వేరే అవసరాల పేరుతో మాత్రమే అడుగుపెట్టింది. ఆ ముక్కలు ఎలా వచ్చాయో, ఎందుకు ఒకటి కాలేకపోయాయో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పరీవాహక ప్రాంతం అంటే ఒక ఏటికి నీరందించే నేల మొత్తం. దాని సరిహద్దు కొండల శిఖర రేఖ వెంట నడుస్తుంది. ఆ రేఖకు ఇవతల పడ్డ చినుకు ఇవతలి వాగులోకి, అవతల పడ్డది అవతలి వాగులోకి పోతుంది. కొండ వాలు మీద చెట్లు, పొదలు, గడ్డి ఉన్నప్పుడు రాలిన ఆకులు నేల మీద మెత్తని పొరగా పరుచుకుని వాన దెబ్బను తాము తింటాయి, వేళ్లు మట్టిని పట్టి ఉంచి దానిలో సన్నని దారులు చేస్తాయి, నీరు ఆ దారుల వెంట లోపలికి దిగి రోజుల తరబడి ఊటగా బయటికి వస్తుంది. చెట్టు పోయి, పశువుల తొక్కిడికి నేల గట్టిపడి, మట్టి కొట్టుకుపోయి రాయి బయటపడ్డ వాలు మీద అదే వాన ఇంకడానికి చోటు లేక గాడులు కోసుకుంటూ ఒక్కసారిగా దిగుతుంది. ఇక్కడ జరిగే నష్టం రెండు విధాలుగా ఉంటుంది. నీరు కొండ నుంచి ఏటికి చేరే వ్యవధి తగ్గి వరద శిఖరం ఎత్తుగా, పదునుగా మారడం ఒకటి. ఆ నీటితో వచ్చిన మట్టి పల్లంలో వేగం తగ్గిన చోట మేట వేసి, ఏటి గర్భాన్ని, చెరువు కడుపును పూడ్చి, రేపటి వరదకు చోటు లేకుండా చేయడం రెండవది. డెల్టా రైతుకు ఒండ్రు వరమే, కాని కాలువలో మేట వేసిన పూడిక మాత్రం ప్రతి వేసవిలో తవ్వి పారబోయవలసిన బరువు.

ఈ సంబంధం తెలుగు నేలకు కొత్తగా తెలిసినది కాదు. విజయవాడకు ఎగువన కృష్ణలో కలిసే మున్నేరు తొలి నీటిని వరంగల్ ప్రాంతపు పాఖాల చెరువు దగ్గర అందుకుంటుంది. ఆ చెరువు కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్ది ఆరంభంలో, కొండల మధ్య సందును కట్టతో మూసి నిర్మించినది. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా అది ఇంకా చెరువుగానే మిగిలి ఉండటానికి దాని చుట్టూ అడవి నిలిచి ఉండటం ఒక ముఖ్య కారణమని భావించవచ్చు. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల పద్ధతిలో ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువులోకి, అది నిండితే ఆ కిందిదానిలోకి పోతుంది గనుక, సాగుకు నీరు నిలవచేసే ఏర్పాటే వరద వేగాన్ని మెట్టు మెట్టుగా విరిచే ఏర్పాటుగా కూడా పనిచేసేది.

ఈ జ్ఞానం కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనంలో శాస్త్ర రూపంలో కనిపిస్తుంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఈ సంస్కృత శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, చెడ్డ చెరువుకు ఆరు దోషాలను లెక్కపెడుతుంది. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టి గల నేల, మూడు యోజనాల పొడవు సాగి వచ్చే తీయని నీటి ఏరు, దానిని ఆనుకుని ఉన్న కొండ ఆ అంగాలలో ఉన్నాయి. కొద్దిపాటి నేలకు మితిమీరిన నీరు రావడాన్ని, పెద్ద ఆయకట్టుకు కొద్దిపాటి నీరు మాత్రమే అందడాన్ని శాసనం సమానంగా దోషాలుగా చెప్పింది. రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు ఉండటాన్ని కూడా దోషాలలో చేర్చింది. కొండ నుంచి పొలం దాకా నీటి దారి ఒకే ఏలుబడి కింద ఉండాలన్న ఈ చివరి సూచనే బుడమేరు చరిత్రలో పదే పదే ఎదురవుతుంది. చెరువు మరమ్మతు చేసేవారికి భూమి కేటాయించిన దశబంధ ఇనాములు, ఊరంతా కలిసి గట్టు పని చేసే ఆచారం ఆ ఏలుబడిని గ్రామస్థాయిలో నిలబెట్టాయి. కుంఫిణీ ప్రభుత్వం ఆ ఆచారాన్ని 1858లో నిర్బంధ శ్రమ చట్టంగా మార్చేనాటికి అది చాలా ఊళ్లలో బలహీనపడింది.

కృష్ణా డెల్టా ఆధునిక చరిత్ర 1832-33 నాటి నందన కరువు తరువాత మొదలవుతుంది. గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన ఆ కరువే నది నీటిని పొలాలకు మళ్లించాలన్న ఆలోచనను బలపరచింది. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852 నుంచి 1855 వరకు బెజవాడ ఆనకట్ట లేచింది. ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు మధ్య నది ఇరుకైన చోట 3,714 అడుగుల పొడవున కట్టిన ఆ ఆనకట్టకు రాయి ఆ రెండు ఒడ్డుల కొండల నుంచే తెచ్చారు. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం కొండను తవ్వి లేచినదని గుర్తుచేసుకోవడం ఆ కట్టడాన్ని తక్కువ చేయడం కాదు. అయితే ఆనాటి ఇంజినీర్ల చూపు ఆనకట్ట నుంచి కిందికి, కాలువల వెంట సముద్రం వైపు సాగినంత వివరంగా, ఆనకట్ట నుంచి పైకి, చుట్టుపక్కల కొండల వైపు సాగలేదు. కాలువ వెంట కాపలాకు లస్కరును పెట్టిన శాఖ కొండ మీద ఎవరినీ పెట్టలేదు.

అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో కొండల గురించి మాట్లాడినవారు లేకపోలేదు. వైద్యుడు ఎడ్వర్డ్ బాల్ఫోర్ 1849లోనే చెట్లకూ వర్షానికీ నేల తేమకూ గల సంబంధం మీద వ్యాసం ప్రచురించాడు. మరొక వైద్యుడు హ్యూ క్లెగ్‌హార్న్ ఉష్ణమండల అడవుల నాశనం వల్ల కలిగే ఫలితాలపై 1851లో బ్రిటిష్ అసోసియేషన్‌కు సమర్పించిన నివేదిక తయారీలో ప్రధాన పాత్ర వహించి, 1856లో మద్రాసు రాష్ట్రపు తొలి అటవీ సంరక్షకుడిగా నియమితుడయ్యాడు. అయితే అటవీ శాఖ పుట్టిన కొద్దికాలానికే రైలు కూడా వచ్చింది. పట్టాల కింద వేసే దిమ్మలకు, ఇంజన్ల బొయిలర్లకు కావలసిన కలప శాఖ పనిలో ముందువరుసకు చేరింది. ప్రభుత్వ అటవీ నిపుణుడు బ్రాండిస్ సలహాల వెలుగులో వచ్చిన 1882 మద్రాసు అటవీ చట్టం అడవులను రిజర్వు చేసి కాపాడే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చినా, కూలిన వాలును తిరిగి నిలబెట్టడం అన్నది దాని ప్రధాన ఆశయం కాలేదు.

ఇతర దేశాలతో పోలిస్తే ఈ లోటు స్పష్టమవుతుంది. ఫ్రాన్స్‌లో అలెగ్జాండర్ స్యురెల్ అనే ఇంజినీరు 1841లో ఆల్ప్స్ కొండ వాగుల మీద గ్రంథం రాసి, మేతతో, నరుకుడుతో బోడిగా మారిన వాలులే పల్లపు ఊళ్ల వరదలకు మూలమని చూపాడు. 1856లో రోన్, లువార్ నదులు పొంగి పట్టణాలను ముంచాక 1860లో కొండలపై అడవి పెంచే చట్టం, 1882లో కొండ నేలల పునరుద్ధరణ చట్టం వచ్చాయి. ఆ చట్టాల కింద వాగు గొంతులో చిన్న చిన్న రాతి అడ్డుకట్టలు కట్టి, వాలును తిన్నగా చేసి, ఆపైన మొక్కలు నాటే పద్ధతి స్థిరపడింది. కొండ గ్రామాల పశుపోషకులు తమ మేత భూములు పోతున్నాయని ఆ చట్టాలను గట్టిగా ప్రతిఘటించారు. వరద తగ్గించే లాభం పల్లంలోనివారికి, మేత వదులుకునే నష్టం కొండవారికి అయినప్పుడు ఈ గొడవ ఎక్కడైనా తప్పదు. జపాన్ 1896లో నదుల చట్టాన్ని, 1897లో అడవుల చట్టాన్ని, మట్టి కోత నివారణ చట్టాన్ని ఒకదాని వెంట ఒకటి తెచ్చి, కొండనూ ఏటినీ కలిపి చూసే ఏర్పాటు చేసుకుంది. భారతదేశంలోనే శివాలిక్ కొండల నుంచి హోషియార్‌పూర్ పొలాల మీదికి ఇసుకతో దూకే ‘చో’ అనే వాగులను అదుపు చేయడానికి పంజాబులో 1900లో ప్రత్యేక చట్టం చేశారు. కృష్ణా జిల్లా కొండలకు అటువంటి చట్టం ఏదీ రాలేదు.

దానికి నేల హక్కుల చరిత్రలో ఒక కారణం ఉంది. బుడమేరు పుట్టే మైలవరం ప్రాంతం, దానికి తూర్పున నూజివీడు ప్రాంతం జమీందారీలు. జమీందారు అడవి మీద ప్రభుత్వ అటవీ శాఖ అధికారం పరిమితం. డెల్టా కాలువలు ప్రభుత్వానివి. అంటే వరద పుట్టే నేల ఒకరి చేతిలో, వరద చేరే నేల మరొకరి చేతిలో ఉండిపోయాయి. జమీందారీలు రద్దవుతాయని తేలిన 1940ల చివరి సంవత్సరాలలో మద్రాసు రాష్ట్రమంతటా ప్రైవేటు అడవుల నరుకుడు ఎంత జోరందుకున్నదంటే, దానిని ఆపడానికే ప్రభుత్వం 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టం చేయవలసి వచ్చింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ కొండలు ప్రభుత్వ పరమైనా, అప్పటికే పలచబడిన అడవి పలచబడే ఉంది.

కొండపల్లి బొమ్మ ఈ కథలో ఒక చిన్న సాక్ష్యం. ఆ బొమ్మకు వాడే తెల్ల పొణికి చెట్టు ఆ రాతి వాలుల మీదనే పెరుగుతుంది. దాని కర్ర చాలా తేలికగా, మెత్తగా ఉంటుంది. కళాకారులు దానిని సన్నని సెగ మీద ఆరబెట్టి, విడివిడిగా చెక్కిన కాళ్లనూ చేతులనూ రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. పొణికి దొరకడం కష్టమవుతున్నదని, కర్ర కోసం మరింత లోపలికి పోవలసి వస్తున్నదని బొమ్మల కాలనీలో చాలాకాలంగా వినిపిస్తున్న మాట. దానిని ఒక చేతివృత్తి ఇబ్బందిగా మాత్రమే చూడటం చాలదు. ఏ వాలు మీద పొణికి పలచబడిందో ఆ వాలు మీదనే బుడమేటికి నీరు చేరే వేగం పెరుగుతుంది.

స్వాతంత్ర్యం తరువాత డెల్టా వరద చరిత్ర మళ్లీ కట్టడాల చుట్టూనే నడిచింది. 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 1954లో మొదలై 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి నిలిచింది. 1964లో కొల్లేరు పొంగి పొలాలు, ఊళ్లు మునిగిన తరువాత మిత్ర కమిటీ డెల్టా మురుగునీటి పారుదలను పరిశీలించి, డ్రెయిన్ల వెడల్పు, ఉప్పుటేరు మెరుగుదల గురించి సిఫార్సులు చేసింది; ఆ పనులకు డబ్బు సమకూర్చడానికి 1968లో డెల్టా భూముల మీద డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. కొల్లేరుకు నీటిని తెచ్చే బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మెట్ట నుంచి దిగివస్తాయి, ఆ నీటికి సముద్రంలోకి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. సెస్సు పల్లం రైతు కట్టాడు, పని పల్లంలోనే జరిగింది. ఆ డబ్బులో ఒక పాలు మెట్ట కొండల మరమ్మతుకు పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనడం తేలికే, కాని ఆనాటి చట్టపు చట్రంలో అందుకు చోటే లేదు.

బుడమేరుకు చూపిన పరిష్కారం కూడా అదే కోవలోది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరద నీటిలో ఒక భాగాన్ని మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు తిప్పి, ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిపారు. ఏరు కొల్లేరుకు పోకముందే దాని బరువు తగ్గించాలన్నది ఉద్దేశం. ఈ ఏర్పాటుకు ఒక లోపం పుట్టుకతోనే ఉంది: మళ్లింపు కాలువ కృష్ణలో కలిసే చోట నది కూడా నిండుగా పొంగుతున్నప్పుడు కాలువ నీరు నదిలోకి దిగలేక వెనక్కి ఎగదన్నుతుంది, దానితో గట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. 2015 నుంచి పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీరు కూడా పోలవరం కుడి కాలువ మీదుగా ఈ మార్గంలోనే కృష్ణకు చేరుతున్నది గనుక ఈ కాలువ మీద డెల్టా ఆధారపడటం మరింత పెరిగింది.

కొండల మరమ్మతు అన్నది ఈలోగా వేరే తలుపు గుండా తెలుగు నేలకు వచ్చింది. జలాశయాలు పూడిపోతాయన్న భయంతో కేంద్రప్రభుత్వం 1961-62లో నదీలోయ ప్రాజెక్టుల పరీవాహక ప్రాంతాలలో నేల సంరక్షణ పథకం ప్రారంభించింది. మాచ్‌ఖండ్-సీలేరు కొండలు అందులో ఉన్నాయి. ఆ భయం నిజమైనదేనని తరువాత కృష్ణా నదే చూపింది: శ్రీశైలం జలాశయం అసలు సామర్థ్యం 308 టీఎంసీలు కాగా, పూడిక పోను 215 టీఎంసీల చిల్లర మిగిలింది. టీఎంసీ అంటే వందకోట్ల ఘనపుటడుగుల నీరు. వరద తగ్గించడమే లక్ష్యంగా ఇటువంటి మరొక కేంద్ర పథకం 1980-81లో వచ్చినా అది ఉత్తరాదిన గంగా పరీవాహకపు నదులకు ఉద్దేశించినది. 1973లో మొదలైన కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం రాయలసీమకు, తెలంగాణకు వాటర్‌షెడ్ పనులను తెచ్చింది. పేరు చెప్పినట్టే దానికి ప్రాంతాలను ఎంచిన కొలబద్ద కరువు, వరద కాదు. 1994లో ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన పనిచేసిన సాంకేతిక కమిటీ ఆ కార్యక్రమాన్ని సమూలంగా మార్చింది. దాదాపు 500 హెక్టార్ల చిన్న పరీవాహకాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, పనిని గ్రామస్థుల సంఘానికి అప్పగించే మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. 1992లో రాష్ట్రంలో మొదలైన వన సంరక్షణ సమితులు, 2000లో వచ్చిన నీరు-మీరు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2015లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ ఆ దారిలోని మజిలీలు.

ఈ కార్యక్రమాల్లో కొండ మీద నిజంగా జరిగే పనిని దగ్గరగా చూడటం అవసరం. పని శిఖరం దగ్గర మొదలై కిందికి దిగాలన్నది మొదటి నియమం. పై వాలు బాగుపడకుండా కింద చెక్‌డ్యామ్ కడితే అది రెండు మూడు వానలకే మట్టితో నిండిపోతుంది. వాలు మీద ఒకే మట్టపు గీతను గుర్తించడానికి మూడు కర్రలను ‘ఎ’ అక్షరం ఆకారంలో కట్టి, పై కొస నుంచి దారానికి రాయి వేలాడదీస్తారు. దారం అడ్డకర్ర మధ్య గుర్తు మీద నిలిచినప్పుడు రెండు కాళ్లు ఒకే ఎత్తులో ఉన్నట్టు. ఆ గుర్తుల వెంట కందకం తవ్వి, మట్టిని దిగువ అంచున గట్టుగా పోసి, ఆ గట్టు మీద గడ్డిగానీ కానుగ, సీతాఫలం వంటి మొక్కలుగానీ వేస్తారు. అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు, పది మీటర్ల పొడవు గల ఒక కందకంలో రెండున్నర ఘనపు మీటర్లు, అంటే 2,500 లీటర్ల నీరు నిలుస్తుంది. హెక్టారుకు అటువంటివి నలభై తవ్వితే లక్ష లీటర్లు. అది ఆ హెక్టారు మీద పడే ఒక సెంటీమీటరు వానకు సమానం. వాగు గొంతులో రాళ్లు పేర్చిన అడ్డుకట్టలు, కొండ అడుగున ఊట కుంట, ఆ కింద ఊరి చెరువు ఈ వరుసలో తరువాతివి.

ఈ లెక్కే ఈ పద్ధతి శక్తినీ పరిమితినీ రెండింటినీ చెబుతుంది. ఒక రోజులో ఐదు సెంటీమీటర్ల వాన పడితే కందకాలు, నేల, కుంటలు కలిసి దానిలో చెప్పుకోదగిన భాగాన్ని ఆపగలవు. పాతిక సెంటీమీటర్లు కురిస్తే, అదీ అప్పటికే నాని ఉన్న నేల మీద కురిస్తే, ఎంత దట్టమైన అడవైనా మిగతా నీటిని కిందికి వదలక తప్పదు. అడవులు మహా వరదలను ఆపుతాయన్న నమ్మకానికి ఆధారాలు చాలవని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అటవీ పరిశోధన సంస్థ కలిసి 2005లో ప్రచురించిన పుస్తకం హెచ్చరించింది. ఆ హెచ్చరిక న్యాయమైనదే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి మీదుగా దాదాపు 11 లక్షల క్యూసెక్కుల కృష్ణా వరద, అంటే సెకనుకు 11 లక్షల ఘనపుటడుగుల నీరు, పోయింది. అటువంటి వరదను మైలవరం కందకాలు మార్చలేవు. కాని బుడమేరు పరీవాహకం చిన్నది, దగ్గరిది. చిన్న పరీవాహకంలో, మధ్యస్థపు వానల్లో, వాలుల మరమ్మతు వరద శిఖరాన్ని దించుతుందన్నది అదే శాస్త్రం అంగీకరించే విషయం. మట్టి రాకను తగ్గించి కాలువను, రెగ్యులేటరును పనిచేసే స్థితిలో ఉంచడం అన్ని వానలకూ వర్తించే లాభం.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ఈ రెండు దారుల వరదలు ఒకే సమయంలో వచ్చాయి. ఖమ్మంలో మున్నేరు పొంగి ఊరిని ముంచింది. వెలగలేరు దగ్గర బుడమేరు మళ్లింపు కాలువ మోయగలిగినదానిని మించి రావడంతో రెగ్యులేటరు గేట్లు ఎత్తవలసి వచ్చింది. కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వంటి నగరపు ఉత్తర వాడల్లో లక్షలమంది రోజుల తరబడి నీటి మధ్య ఉండిపోయారు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణా ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. చివరి గండిని పూడ్చడానికి సైన్యం కూడా సాయపడింది. ఆ వాన అసాధారణమైనది. కొండలు పచ్చగా ఉన్నా వరద వచ్చేదే. అయితే ఎంత ఎత్తున, ఎంత వేగంగా, ఎంత మట్టితో వచ్చేదన్న ప్రశ్న మిగిలే ఉంది. 2005లోనూ బుడమేరు నగరాన్ని ముంచింది, ఆ తరువాత కాలువ విస్తరణ గురించి, గట్ల గురించి, ఆక్రమణల గురించి ఇరవై ఏళ్లు చర్చ నడిచింది; అవన్నీ అవసరమైనవే, కాని అవన్నీ ఏరు పల్లానికి దిగిన తరువాతి పనులు.

కొండ దెబ్బతింటే ఏమవుతుందో నగరం లోపలి కొండలు కూడా చూపాయి. 2024 ఆగస్టు 31నే మొగల్రాజపురంలో సున్నపుబట్టీల సెంటరు దగ్గర కొండ చరియలు విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ సెంటరు పేరే అక్కడొకప్పుడు సున్నం కాల్చే బట్టీలు ఉండేవని చెబుతుంది. ఈ కొండల్లోనే గుహాలయాలు ఉన్నాయి, వీటి వాలుల మీదనే చోటు దొరకని పేదలు మెట్లు కట్టుకుని ఇళ్లు వేసుకున్నారు. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద కూడా శరన్నవరాత్రుల సమయంలో కొండచరియ విరిగిపడింది. ఇక్కడ మరమ్మతు అంటే మొక్క నాటడం ఒక్కటే కాదు, వదులైన బండలను తొలగించడం, వాన నీటికి కట్టిన దారి చూపడం, అపాయం ఉన్న వాలు మీది కుటుంబాలకు ముందే మరొక చోట ఇల్లు ఇవ్వడం కూడా.

ఒక అభ్యంతరానికి కూడా సమాధానం చెప్పవలసి ఉంది. డెల్టా అన్నది కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టితోనే ఏర్పడినది. పెద్ద జలాశయాలు ఆ మట్టిని ఆపివేయడం వల్ల కృష్ణా సముద్ర ముఖం దగ్గర తీరం కోతకు గురవుతున్నదని పరిశోధకులు చూపారు. అటువంటప్పుడు ఎగువన మట్టిని మరింత ఆపడం డెల్టాకు నష్టం కాదా అన్న అనుమానం సహజం. కాని బుడమేరు మట్టి నదీముఖం దగ్గరి హంసలదీవి తీరానికి చేరదు. అది మళ్లింపు కాలువలోనో కొల్లేరు అడుగునో ఆగిపోతుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొంది, 2005-06లో చేపల చెరువుల గట్లు పేల్చివేసినా తిరిగి ఇరుకవుతూ వస్తున్న కొల్లేరుకు పై నుంచి వచ్చే పూడిక తగ్గడం మేలే చేస్తుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో మైలవరం, కొండపల్లి, వెలగలేరు, విజయవాడ నగరం అన్నీ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చాయి. జమీందారీ కాలంలో వేరువేరు చేతుల్లో ఉన్న కొండా ఊరూ పాత కృష్ణా జిల్లాలో లాగే ఇప్పుడూ ఒకే కలెక్టరు పరిధిలో ఉన్నాయి, పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషం బుడమేరు ఎగువ భాగానికి లేదు. జలవనరుల శాఖ, అటవీ శాఖ, ఉపాధి హామీ పనులు చూసే గ్రామీణాభివృద్ధి శాఖ ఒకే అంచనా మీద సంతకం చేయడానికి జిల్లా సరిహద్దుల అడ్డు లేదు. బుడమేరు కోసం తయారయ్యే ప్రతి అంచనాలో గట్ల పద్దు పక్కనే కొండ వాలుల కందకాలకు, వాగుల రాతి అడ్డుకట్టలకు, మైలవరం వైపు ఊళ్ల చెరువుల కట్టలకు, వాన లెక్కగట్టే యంత్రాలకు విడిగా ఒక పద్దు ఉండాలి, ఆ పనులు ఏటా మృగశిర కార్తెకు ముందే ముగియాలి. ఆ పద్దు ఉన్నదా లేదా అని సింగ్‌నగర్ వాసులు, కొల్లేటి లంకల రైతులు, కొండపల్లి బొమ్మల కళాకారులు కలిసి అడగాలి.